రోలుకు నాలుగు చిల్లులు

ఇలా దగ్గరికి రావే వులాన్, ఆ ఫోను పక్కన పడెయ్. పడవలా ఉన్న ఈ చెక్కరోలుకు నాలుగు చిల్లులు ఎందుకని అడిగావు కదా? పురుగు తొలిచినవి కావు. మీ తాత పార్జియో తొలిచినవి.

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. తెల్లారితే ఆరుగురు ఆడవాళ్లం ఈ రోలు చుట్టూ చేరి వడ్లు దంచేవాళ్లం. ఊళ్లో సగం పెళ్లిళ్లు ఇక్కడే కుదిరేవి. ఇంతలో కాలవ అవతల మీ తాత మిల్లు పెట్టాడు. మూడు నెలల్లో మా రోకళ్లు మూలబడ్డాయి. కట్టెలకైనా పనికొస్తుందని మా నాన్న రోలును కూడా అతనికే ఇచ్చేశాడు. అతనేమో దాన్ని బోర్లించి, చిల్లులు పొడిచి, దాని మీద మిషను బిగించాడు!

దారిలో కనబడితే మూతి తిప్పుకుని పోయేదాన్ని.

"ఏం పిల్లా, మీ వడ్లు తేవేం?" అనేవాడు.

"కోళ్లకు పోస్తాను గానీ నీకు తేను."

ఆ ఏడే, కోతల రోజుల్లో, పట్టపగలు సూర్యగ్రహణం. రేడియో ఇళ్లు కదలొద్దంది. మంచంలో ఉన్న మా నాయనమ్మ ఒకటే గోల.

"కాలరాహువు తెగిన తల పైన ఆకాశంలో సూర్యుణ్ణి మింగుతుందే! వాడి మొండెమే కింద పడి రోలైంది. రోలును బాదితేనే వాడు కక్కేది. నా రోలేదే?"

ఊళ్లో మిగతా రోళ్లన్నీ అప్పటికే పొయ్యిల్లోకి పోయాయి. రోకలి భుజాన వేసుకుని కాలవ దాటాను. మిల్లు ముందు ఇరవై బస్తాలు. మీ తాత తలనిండా తవుడు.

"రోలు ఇచ్చెయ్."

"మిషను దించితే మళ్లీ ఎక్కించడానికి రెండ్రోజులు. వీళ్లంతా పక్కూరి మిల్లుకు పోతారు."

"పోనీ."

"ఇవ్వకపోతే ఆ రోకలితో కొడతావా ఏంటి?"

"రోలు దొరక్కపోతే నిన్నే!"

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. మిషను ఆపాడు. బోల్టులు విప్పుతూ, తలెత్తకుండా అన్నాడు.

"మిషను కింద ఉంటే దీని మీద ఎవరూ గొడ్డలి ఎత్తరని పెట్టాను. రోజూ పొద్దున్నే ఆ గట్టున కూర్చుని నీ దంపుడు వినేవాణ్ణి. నువ్వు నవ్వినప్పుడల్లా నీ రోకలి అర దెబ్బ వెనకబడేది. ఇప్పుడది వినబడదు. నా మిల్లే దాన్ని నోరు మూయించింది."

రోకలి కింద పెట్టి, మిగతా బోల్టులు విప్పాను. నేనే!

బస్తాలవాళ్లే తలో చెయ్యీ వేసి రోలును మా వాకిట్లో దించారు. చూస్తుండగానే మసక కమ్మింది, కోళ్లు గూటికి పోయాయి. రోలు అంచు మీద నేనొక పక్క, అతనొక పక్క, దబదబా బాదాం. అతని దెబ్బ ఒక్కటీ తాళంలో పడితే ఒట్టు! నాకు నవ్వాగలేదు. నా రోకలీ వెనకబడింది.

సరిగ్గా అప్పుడే ఎండొచ్చింది.

లోపల్నించి నాయనమ్మ కేక: "ఎవడే ఆ తాళం రానివాడు?"

"మిల్లు అబ్బాయి, నాయనమ్మా."

"రోజూ రమ్మను. నేర్పాలి!"

అంతే, ఇంకెవరూ అడ్డు చెప్పలేదు. మిల్లుకు సిమెంటు దిమ్మ కట్టాడు, ఆ తర్వాతే నన్ను కట్టుకున్నాడు.

ఇప్పుడు దీన్లో వడ్లు పోస్తే కారిపోతాయి. అయినా కట్టెలకు ఇవ్వనీకు. చిల్లులెందుకని నీ పిల్లలు అడిగితే ఇలాగే చెప్పు. చెప్పేటప్పుడు మీ తాత తాళం తప్పిన సంగతి మాత్రం మరిచిపోకే.