ఈస్టర్ మర్నాడు

సోమవారం పొద్దున్న వర్క్‌షాప్ సైరన్ కూసి, జగ్గారావు అన్నం డబ్బా తగిలించుకుని సైకిలెక్కి వెళ్ళాడో లేదో, దాలమ్మ ఇంట్లో పగిలే సామానంతా పోగు చేసింది. గోడనున్న అద్దం, గాజు గ్లాసులు, ఊరగాయ జాడీ. అన్నీ పాత చీరలో చుట్టి మంచం కిందికి తోసింది. ఇంకో చీరలో తన బట్టలూ, కూతురు రత్నం బట్టలూ మూట కట్టింది.

"ఏటమ్మా, ఊరెల్తన్నామా?" అంది రత్నం జడల్లుకుంటూ.

"సాయంత్రం మీ మావయ్య రిక్షా తెత్తాడు. మలంచాలో ఆల్లింటికి ఎల్లిపోతాం. ఈపాలి మల్లీ రాను."

"నాన్న తాగుడు మానేసినాడు గదే!"

"మానేసినాడు. నలబై రోజులు. మొన్నటితో అయిపోనాయి. నిన్న పండగ గూడా అయిపోనాది."

దాలమ్మ లెక్క దాలమ్మది. ఊరికే వచ్చిన లెక్కా అది? జగ్గారావు మంచివాడే, పనిమంతుడే. ఫౌండ్రీలో అతని చెయ్యి పడితే ఇనుము మాట వినేదనేవారు. కానీ సారా ముందు అతనే మాట వినేవాడు కాదు. మొక్కులకి మాత్రం లోటు లేదు. అమ్మవారి పండగ ముందు నిష్ఠ, శివరాత్రికి ఉపవాసం. కార్తీకమంతా చన్నీళ్ళ స్నానం, ఒంటిపూట భోజనం, చుక్క ముట్టేవాడు కాదు. పోలి స్వర్గానికెళ్ళిన సాయంత్రమే ఈ మహానుభావుడు గోల్‌బజార్ వెనక సారా భట్టీకెళ్ళేవాడు! నెల్లాళ్ళ దాహం ఒక్క పూటలో తీర్చుకుని వచ్చి, అడ్డమొచ్చిందల్లా పగలగొట్టేవాడు.

కిందటేడు చెయ్యి కాలి ఆసుపత్రిలో ఉన్నప్పుడు తెలుగు చర్చి జ్ఞానప్రకాశం అయ్యగారు రోజూ వచ్చి పక్కన కూర్చునేవాడు. అలా యేసు దగ్గరికి చేరాడు. క్రిస్మస్‌కి బాప్తిస్మం తీసుకున్నాడు. కొత్త సంవత్సరానికి మళ్ళీ తాగాడు. బూడిద బుధవారం నుంచి ఈస్టర్ దాకా నలభై రోజుల లెంటు నిష్ఠ పట్టాడు. సైరన్ కంటే ముందే లేచి, చాప మీద కూర్చుని, కూడబలుక్కుంటూ సువార్త చదివి, ప్రార్థన చేసుకునేవాడు. తర్వాత బిందె భుజానికెత్తుకుని వీధి కుళాయికి వెళ్ళేవాడు. ప్రార్థనయ్యాక ఇంటికి పనికొచ్చేది ఒకటి చెయ్యమని అయ్యగారు చెప్పాడట. ఆడవాళ్ళ వరసలో మీసాల మొగాణ్ణి చూసి కాలనీ అంతా నవ్వింది. అతను పాడుకుంటూ నీళ్ళు పట్టాడు. దాలమ్మ మాత్రం బాగుందని గానీ బాగాలేదని గానీ అనలేదు. మొహం తిప్పుకుని పొయ్యి ఊదుకునేది.

సాయంత్రం అన్న వెంకటరావు రిక్షాతో దిగాడు. పని వదిలిన సైరన్ కూసింది. పక్కింటి మగాళ్ళొచ్చారు, ఎదురింటాయన వచ్చాడు. జగ్గారావు రాలేదు.

"సెప్పినాను గాదా సెల్లీ. కుక్క తోకకి కర్ర కట్టినన్నాల్లే తిన్నగుంటాది," అన్నాడు వెంకటరావు.

దాలమ్మ మూట తెచ్చి రిక్షాలో పెట్టింది. రత్నం గుమ్మం పట్టుకుని ఏడుస్తోంది. అప్పుడొచ్చాడు జగ్గారావు, సైకిల్ నడిపించుకుంటూ.

"ఏటిది? ఎక్కడికి?"

"ఊదు," అంది దాలమ్మ.

అతని మొహం కందిపోయింది. "బావ ముందరా? ఇన్నాల్లు సూసినావు, ఇంకా నమ్మకం లేదా?"

"ఊదయ్యా!"

ఊదాడు. మరమరాలు, ఆవనూనె, పచ్చిమిరప వాసన. సారా వాసన లేదు. ఆమెకి ఆ వాసన తెలియక కాదు.

"మరింతసేపు ఎక్కడున్నావు?"

"భట్టీలో."

"సూసినావా!" అని లేచాడు వెంకటరావు.

"ఉండు బావా. అబద్దం ఆడొచ్చును. ఆడను." జగ్గారావు సైకిల్ గోడకానించాడు. "లెంటు అయిపోనాది, ఇంక పరవాలేదనుకున్నాను. నువ్వే గాదు దాలీ, నానూ అదే లెక్కెట్టుకున్నాను. కూకున్నాను. గ్లాసు ముందరెట్టినాడు. తాగాలని లేదనను, పేణం లాగేసింది. సెయ్యి సాపినాను. అప్పుడు రేపొద్దున్న గుర్తొచ్చింది. తాగితే లెగలేను. లెగకపోతే ఆ సాప మీద కూకోడం ఉండదు. అక్కడ కూకుంటే నాకెంత సుకంగా ఉంటాదో నీకెప్పుడూ సెప్పలేదు. సారా సుకం తెల్లారితే దిగిపోద్ది. ఇది తెల్లారితేనే మొదలౌతాది. దాన్ని పోగొట్టుకోబుద్ది కాలేదు. లేసొచ్చేసినాను."

"అప్పుడైనా ఇంటికి రాకూడదా?"

"మొహం సెల్లలేదు. అయ్యగారి కాడికెల్లి సెప్పేసినాను. తిడతాడనుకున్నాను. ఈస్టరంటే అయిపోయిన రోజు కాదోయ్, మొదలైన రోజు అన్నాడు. ఇద్దరం కలిసి ప్రార్దన సేసుకున్నాం."

"అయితే ఈపాలి గడువెప్పటికి?" అంది దాలమ్మ.

"గడువు లేదు. ఏ రోజుకారోజే. ఇంతకు ముందు తాగినప్పుడూ అమ్మోరి తప్పు లేదు, శివుడి తప్పూ లేదు. ఎప్పుడైపోద్దా అని సూసుకుంటా నిష్ట సేసినాను, అది నా తప్పు. రేపు పడిపోనంటే నమ్మకు. పడితే ఎల్లుండి లెగుస్తాను. అది మట్టుకు నమ్ము."

దాలమ్మ గడప మీద కూలబడింది. కొంగు నోటికడ్డం పెట్టుకున్నా ఏడుపు ఆగలేదు. ఇంతకు ముందు అతను ఒట్లు పెట్టినప్పుడు ఆమెకి కన్నీళ్ళు రాలేదు. పడిపోతానేమో అని చెప్పిన మగణ్ణి ఇవాళే చూసింది.

"నువ్వు బిందెత్తుకుని కులాయి కాడికెల్లిన పొద్దున్న నాకెంత సంబరమైందో తెలుసా? కిటికీలోంచి సూసినాను. పాడతన్నావు. నవ్వొచ్చింది, నవ్వలేదు. నవ్వితే పోద్దని బయమేసింది. నువ్వు సారా మానేసినావు, నాను సంబరం మానేసినాను. నిన్ను నమ్మి మల్లీ ఏడవడం కంటే ముందే ఏడుత్తా కూకోడం మేలనుకున్నాను." ఆ మాట పైకి అన్నాక గానీ ఆమెకే తెలియలేదు, తానెంత కఠినమైన నిష్ఠ పట్టిందో.

జగ్గారావు పక్కన కూర్చున్నాడు. కాలిన మచ్చల చేత్తో ఆమె తల నిమిరాడు.

వెళ్ళరా అని వీధిలోంచి బెంగాలీ రిక్షావాడు కేకేశాడు. "దీదీ, జాబేన్ నా?"

"నా దాదా, జాబో నా," అంది దాలమ్మ ముక్కు చీదుకుంటూ. "రత్నం, మూట దింపే!"

"మరి నాను దేనికొచ్చినట్టు?" అన్నాడు వెంకటరావు, బిక్కమొహం వేసి.

"బోజనానికొచ్చినావు అన్నియ్యా. సేపల కూరుంది. కూకో."

ముందు జగ్గారావు నవ్వాడు. ఆ వెంట దాలమ్మ నవ్వింది, కళ్ళు తుడుచుకోకుండానే, వీధి చివరిదాకా వినబడేలా. మూట చేతపట్టుకుని రత్నం గుమ్మంలో అలాగే నిలబడిపోయింది. నాన్న తాగకుండా, అమ్మ భయపడకుండా, ఇద్దరూ కలిసి నవ్వడం ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగాక చూడటం అదే మొదలు.