గోరింక నేర్చిన ఈల

ఆకులు రాలే కాలం వచ్చిందంటే హిల్డాకి పెరడే లోకం. యార్క్‌షైర్ కొండబీడు అంచున ఆఖరి ఇల్లు ఆమెది. పిట్టలు తినడానికి కంచెకి కొవ్వు ముద్దలు వేలాడదీసి, టీ కప్పుతో వంటింటి కిటికీ దగ్గర కూర్చుంటే, ఎర్రరొమ్ము పిట్టల తగువులు చూస్తూ పొద్దు తెలిసేది కాదు. కాళ్ల దగ్గర, గొర్రెలు తోలే ముసలి కుక్క నెల్ గురక పెట్టేది.

ఆ ఏడు ఒక చుక్కల గోరింక పొగగొట్టం మీద చేరింది. విన్న చప్పుడల్లా అప్పజెప్పే జాతి అది. గేటు కిర్రుమనడం, కెటిల్ కూత అన్నీ అయ్యాక, ఒకరోజు అది హెరాల్డ్ వేసే ఈల వేసింది. హిల్డా కప్పు పక్కన పెట్టి కిటికీ తెరిచింది. నెల్‌ని రమ్మని పిలిచే ఈల అది. ముందుపన్ను ఊడిన నోటితో వేసేవాడు కాబట్టి చివర్లో గాలి తుస్సుమనేది. పిట్ట ఆ తుస్సుని కూడా దించేసింది.

హెరాల్డ్ ఆమె మొగుడు. రెండేళ్ల కిందట చలికాలంలో, తప్పిపోయిన గొర్రె కోసం బీడెక్కి, పొగమంచులో కలిసిపోయాడు. శవం కూడా దొరకలేదు. ఆ ఈల విన్నప్పటి నుంచి హిల్డాకి ప్రాణం లేచొచ్చినట్టుంది. గోరింకకి రోజూ రెండో ముద్ద కట్టేది.

మరిది రాల్ఫ్ వచ్చి పొగగొట్టం వైపు చాలాసేపు చూశాడు.

"వదినా, దాని తల ఇంకా గోధుమరంగే. మొన్న వసంతంలో పుట్టిన కూన. అన్నయ్య ఈల అదెక్కడ వింది?"

"పెద్ద పిట్టల దగ్గర. నీకు మీ అయ్య తిట్లు రాలేదూ?"

రాల్ఫ్ నవ్వలేదు. "చీకటి పడితే కుక్కని కట్టేసుకో."

"పిట్టకి జడిసి కుక్కని కట్టేస్తారా ఎవరైనా? పోవయ్యా!"

డిసెంబరులో ఒక సాయంత్రం. టీ వేళకే చీకటి. పొగమంచు కిటికీకి అంటుకుంది. బయట ఈల వినిపించింది.

"ఇంకా పడుకోలేదా, దొంగ పీనుగా!" అంటూ హిల్డా తలుపు తీసింది.

పొగగొట్టం మీద ఏమీ లేదు. ఈ వేళకి గోరింకలన్నీ రెల్లు పొదల్లో పడుకుంటాయి... ఈల బీడు మీద నుంచి వచ్చింది. నెల్ ఆమె కాళ్ల మధ్య నుంచి దూసుకుపోయింది.

"నెల్! రావే!"

హిల్డాకి మిగిలిన తోడు అదొక్కటే. కోటు కూడా వేసుకోకుండా గేటు దాటి పొదల్లోకి పరుగెత్తింది. తడిసిన ఉన్ని వాసన... హెరాల్డ్ కాల్చే చుట్ట పొగాకు వాసన... తర్వాత ఇంకో ఈల. పైకి లేచి కిందికి జారేది. పిట్ట ఎన్నడూ వేయనిది.

వెనక్కి చుట్టి వెళ్లు, గొర్రెని నా దగ్గరికి తోలుకురా అని కుక్కకి చెప్పే ఈల అది.

బీడు మీద గొర్రెలు లేవు. చలికి అన్నిటినీ ఎప్పుడో దించేశారు.

పొదలు కదిలాయి. ఎడంగా... ఆమె చుట్టూ... వెనక్కి.

హిల్డా తిరిగి చూసింది. గేటుకీ ఆమెకీ మధ్య నెల్. పొట్ట నేలకి ఆనించి, రెప్ప వేయకుండా చూస్తోంది.

"నెల్... నేనే తల్లీ... ఇంటికి పోదాం..."

ఆమె ఎడమకి జరిగింది. నెల్ ఎడమకి జరిగింది. కుడికి జరిగితే కుడికి. పళ్లు కనిపించాయి.

వీపు వెనక ఈల. చాలా దగ్గరగా. చివర్లో గాలి తుస్సుమంది.

తెల్లారి రాల్ఫ్ వచ్చేసరికి ఇంటి తలుపు తీసి ఉంది. నెల్ గుమ్మంలో పడుకుని ఉంది, పని అయిపోయిన కుక్కలాగా. హిల్డా లేదు. పొగగొట్టం మీద గోరింక కొత్త పాఠం అప్పజెబుతోంది, సన్నటి ఆడగొంతుతో.

"నెల్... నేనే తల్లీ... ఇంటికి పోదాం..."