పదికి తొమ్మిది

ఉదయం ఏడున్నరకి ఆ ఇంట్లో ముగ్గురూ ఏదో పనిలో ఉన్నట్టు నటిస్తున్నారు. తండ్రి పేపరు చదువుతున్నట్టు, కూతురు జడ వేసుకుంటున్నట్టు, తల్లి టీ వడపోస్తున్నట్టు. నిజానికి అందరి ధ్యాసా బల్ల మీదున్న ఫోన్ మీదే. ఎనిమిదింటికల్లా సీట్ల సంగతి మెయిల్లో తేల్చేస్తామని బిజినెస్ స్కూలు వాళ్ళు చెప్పారు.

సీటు అడిగింది కూతురు కాదు, తల్లి. వయసు నలభై ఆరు. పెద్దాసుపత్రి లాండ్రీలో పదిహేనేళ్ళుగా సూపర్‌వైజరు. అక్కడికి కొత్తగా వచ్చిన నలుగురు కుర్ర మేనేజర్లకు ఆవిడే పని నేర్పింది, నలుగురూ ఆవిడ మీదే పెత్తనం చేశారు. ఐదోవాడికి నేర్పే ఓపిక ఇక లేదంటూ రెండేళ్ళ సాయంకాలపు కోర్సుకి దరఖాస్తు పెట్టింది. అది పాసైతే మేనేజరు కుర్చీ ఆవిడదే.

"నీకు సీటొస్తే ఇవాళ మా సెలూన్‌కి వచ్చినవాళ్ళందరికీ గడ్డం ఫ్రీ," అన్నాడు తండ్రి. ఆయన కత్తెరకన్నా నోరే ఎక్కువ ఆడుతుందని వీధిలో పేరు.

"ముందు మీది గీసుకోండి. చూడలేక చస్తున్నాం," అంది తల్లి.

కూతురికి నవ్వు రాలేదు. ఆ పిల్ల పనిచేసేది ఒక కోచింగ్ సెంటర్లో. కాలేజీలకు వెళ్ళే దరఖాస్తులు చదివి, ఎంత గట్టిగా ఉన్నాయో పదికి మార్కులేయడమే ఉద్యోగం. రెండు నెలల క్రితం తల్లి తన కాగితాలు తెచ్చి ముందు పెడితే తొమ్మిది అంది. తన నోటుబుక్కులో వేసుకున్నది మాత్రం నాలుగు. ఆ నాలుగు సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

"అమ్మా, మెయిల్ రాకముందే నీకో మాట చెప్పాలి. నీ దరఖాస్తుకి తొమ్మిది రావు. నాలుగొస్తాయి. అప్పుడు అబద్ధం చెప్పాను."

టీ గిన్నె చప్పుడు ఆగిపోయింది.

"నాలుగా? ఎందుకని?" అన్నాడు తండ్రి.

"జీవితంలో చేసిన ఒక తప్పు మీద వ్యాసం రాయమంటే, విశ్రాంతి తీసుకోవడం చేతకాదని రాసింది నాన్నా. మా సెంటర్లో రోజుకి ముగ్గురు అదే రాస్తారు."

తండ్రికి నవ్వాగక పొరబోయింది. తల్లి ఒక్క చూపు చూసేసరికి పేపరు వెనక్కి సర్దుకున్నాడు.

"జాలిపడ్డావా నా మీద?" అంది తల్లి.

"అంత ఆశగా కూర్చున్నావు. నోరు రాలేదు."

"నీకు లెక్కల్లో సున్నా వస్తే సున్నా అనే చెప్పాను కదే! నా దగ్గరికొచ్చేసరికి నేను పసిపిల్లనయ్యానా? బయటివాళ్ళకి నిజం, అమ్మకి బుజ్జగింపూనా?"

తల్లి కొంగుతో చేతులు తుడుచుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది.

"నీ నోటుబుక్కు నేను చూశాను," అంది. "దరఖాస్తు పంపడానికి రెండు రోజుల ముందు. పక్క దులుపుతుంటే మంచం మీద తెరిచి ఉంది. అందుకే ఆ వ్యాసం చించేసి మళ్ళీ రాశాను. పెడదామనుకున్న మిగతా రెండు కాలేజీలకీ రాసే టైము లేక ఈ ఒక్కదానికే దరఖాస్తు పంపాను."

"మరి ఇన్నాళ్ళూ నన్నెందుకు అడగలేదు?"

"నువ్వే చెబుతావని. రోజూ పొద్దున్నే, ఇవాళ చెబుతుందేమో అనుకునేదాన్ని."

కూతురు బావురుమంది. తల్లి ఊరుకోబెట్టలేదు. సొరుగులోంచి కొత్త వ్యాసం తీసి చేతిలో పెట్టింది. ఒకసారి లాండ్రీలో బ్లీచింగ్ పాళ్ళు తల్లి తప్పుగా చెప్పడంతో రెండు వందల దుప్పట్లకి చిరుగులు పడితే, మెషీన్ దగ్గరి అమ్మాయిని పనిలోంచి తీసేశారు. తప్పు తనదని ఒప్పుకోవడానికి తల్లికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజుల గురించి రాసింది. ఇంట్లో ఎవరికీ తెలియని సంగతి అది. తండ్రి కూడా పేపరు పక్కన పడేసి వంగి చదివాడు.

"ఇప్పుడు దీనికి మార్కులెయ్యి," అంది తల్లి.

కూతురు రెండుసార్లు చదివింది. "ఏడు."

"మిగతా మూడు?"

"ఆ పిల్లకి క్షమాపణ చెప్పి అక్కడే ఆపేశావు. ఆ తర్వాత పనిలో ఏం మార్చావో రాయలేదు."

తల్లి తలూపింది. అంతలో ఫోన్ మోగింది. మెయిల్ తెరిచింది కూతురు. వెయిటింగ్ లిస్టు, పదకొండో పేరు. తండ్రి మొహం వాడిపోయింది. తల్లి మాత్రం కళ్ళు చిట్లించి మెయిలంతా చదివి నవ్వేసింది.

"ఏడు మార్కులకి ఇదే వస్తుంది మరి. ఈసారి సరిగ్గా వేశావే!"

"అమ్మా, మిగతా రెండు కాలేజీలకీ రెండో విడత గడువు నెలాఖరు దాకా ఉంది."

"అయితే కూర్చో. ఆ మూడూ ఎక్కడ పోయాయో చూపించు."

కూతురు కళ్ళు తుడుచుకుని పెన్ను తీసింది. ఈసారి అమ్మ మొహంలోకి చూడకుండా, కాగితం చూసి దిద్దడం మొదలుపెట్టింది.