కారని పైకప్పు కింద బకెట్

మా మనవరాలిని వీధిలో అందరూ గుండుసూది అంటారు. బట్టలు కుట్టే పిల్ల, నోట్లో ఎప్పుడూ నాలుగు గుండుసూదులు పెట్టుకుని ఉంటుందని కొందరు. అవి తీశాక వచ్చే మాటలు గుచ్చుకుంటాయని మరికొందరు. నేను రెండో జట్టు.

మేముండేది నాలుగు వాటాల మేడ. కింద ఒకటి మాది, ముందుగదిలోనే దాని కుట్టుమిషను. పక్కది బస్సు డ్రైవర్‌ది. పైన ఒకదాంట్లో సంగీతం టీచరమ్మ, రెండోది ఖాళీ. మా వీధి చూస్తూ చూస్తూ ఉండగానే మారిపోయింది. పిండిమర పోయి గాజు తలుపుల కాఫీ షాపు వచ్చింది. సైకిళ్ల షాపు జిమ్ము అయి కూర్చుంది. స్థలాల ధరలు పెరిగేసరికి మా ఇల్లుగలాయన మేడ అమ్మకానికి పెట్టాడు.

కొన్నవాడు ఖాళీ చేయమంటే ఎక్కడికి పోతాం? అందరికీ అదే దిగులు. అప్పుడు గుండుసూది ఒక ప్లాన్ వేసింది. పై వాటా తాళం మా దగ్గరే ఉండేది. ఎవరో చూడటానికి వస్తున్నారని బ్రోకర్ ఫోన్ చేయగానే ఇది పైకెళ్లి, కర్రకి తడిగుడ్డ చుట్టి పైకప్పంతా అద్దేది. కింద సగం నిండిన బకెట్ పెట్టేది. నేను పక్కన నిలబడి, "వానొస్తే గొడుగేసుకుని పడుకోవాలి నాయనా" అని నిట్టూర్చేదాన్ని. వచ్చినవాళ్లు మెట్లు దిగేదాకా నవ్వు ఆపుకోవడమే కష్టం.

అలా వచ్చినవాడే కళ్లద్దాల అబ్బాయి. కళ్లద్దాల షాపులో కళ్లు పరీక్ష చేస్తాడు. మనిషి పొడుగు, మాట నెమ్మది. వస్తూనే గుమ్మానికి తల కొట్టుకున్నాడు.

"గుమ్మం పొట్టిదండీ," అంది ఇది, ఎంతో సంతోషంగా.

"కాస్త ముందు చెప్పాల్సిందండీ."

"ముందే చెబితే మీకు గుర్తుండదు."

అతను పైకప్పు చూశాడు, బకెట్ చూశాడు, తర్వాత దీన్ని చూశాడు. ఆ మూడో చూపు కాస్త ఎక్కువసేపే ఉంది. నా కళ్లకి పొరలొచ్చినా ఇలాంటివి బాగానే కనపడతాయి.

"వాన పడి చాలా రోజులైంది కదండీ," అన్నాడు.

"మా కప్పుకి కాస్త మతిమరుపు. ఆలస్యంగా కారుతుంది."

"గుడ్డపీచులు కూడా కారుస్తుందా? అదిగో, అక్కడ రెండు అంటుకున్నాయి."

దీని మొహం ఎర్రబడింది. అతను మాత్రం బ్రోకర్‌తో ఒక్క మాట చెప్పలేదు. వెళ్తూ వెళ్తూ, "మా అమ్మకి నలుగురి మధ్య ఉండాలని కోరికండీ. ఇక్కడ నలుగురికీ మేం అక్కర్లేదని అర్థమైంది," అన్నాడు. ఈసారి తల వంచుకునే గుమ్మం దాటాడు.

ఆ రోజంతా మిషను దారం తెంపుతూనే ఉంది.

తర్వాతి వారం బ్రోకర్ ఒక గళ్లచొక్కా ఆసామిని తెచ్చాడు. ఆయన మెట్లే ఎక్కలేదు. వీధిలో నిలబడి స్థలం ఎంత వెడల్పుందో చూసుకుంటున్నాడు.

"పైకప్పు కారుతుందండీ," అని ఇది గట్టిగా చెప్పింది.

"కారనీ అమ్మా. ఎలాగూ కూలగొట్టేదే కదా. ఇక్కడ షాపింగ్ కాంప్లెక్స్ లేపుతాను."

గుండుసూది నోట్లోని గుండుసూదులు మింగలేదంటే దాని అదృష్టం. కాపురముండటానికి వచ్చినవాళ్లందరినీ మేమే తరిమేశాం. కూలగొట్టేవాడికి కారితే ఏమిటి, కారకపోతే ఏమిటి?

"నాయనమ్మా, చెప్పులేసుకో," అంది.

"ఎక్కడికే?"

"నీ కళ్లు చూపించడానికి."

నా కళ్ల మీద దానికి అంత ప్రేమ అంతకుముందెప్పుడూ చూడలేదు.

షాపులో అబ్బాయి నన్ను కుర్చీలో కూర్చోబెట్టి గోడ మీది అక్షరాలు చదవమన్నాడు.

"చదువు రాదు నాయనా. బొమ్మలుంటే పెట్టు."

అతను నవ్వుతూ బొమ్మల అట్ట వెతుకుతుంటే ఇది వెనక నుంచి గబగబా చెప్పేసింది. "కారదండీ. ఒక్క చుక్క కూడా కారదు. అంతా నేనే చేశాను."

"తెలుసండీ."

"ఇప్పుడు దాన్ని కూలగొట్టేవాడు వచ్చాడు. మీరే కొనాలి."

"కొంటాను. కానీ ఒక షరతు. మీ మూడు వాటాల అద్దెలు వస్తేనే నా లోను నడుస్తుంది. మీరెవరూ ఖాళీ చేయకూడదు."

"మేం మిమ్మల్ని బతిమాలడానికి వస్తే మీరు మమ్మల్ని బతిమాలుతున్నారేంటండీ?"

"ఇద్దరం బతిమాలుకుంటే త్వరగా తెములుతుందని."

నేను కుర్చీలోంచి, "ఒరే నాయనా, నా కళ్ల సంగతేంటి?" అన్నాను. ఇద్దరికీ వినపడలేదు.

డ్రైవర్‌నీ టీచరమ్మనీ కలుపుకుని నలుగురం వెళ్లి ఇల్లుగలాయన ముందు కూర్చున్నాం. ఇటుక ఇటుకా తను నిలబడి కట్టించిన మేడ కూలగొట్టించడం ఆయనకీ మనసొప్పలేదు. గళ్లచొక్కా ఇస్తానన్నదానికన్నా కాస్త తగ్గినా అబ్బాయికే ఇచ్చాడు. తల్లీ కొడుకూ పై వాటాలో దిగారు. ఆవిడ మొదటిరోజే "పిన్నిగారూ" అంటూ నా పక్కన చేరింది. ఇది మాత్రం అతన్ని "ఓనరుగారూ" అని పిలిచి ఏడిపించడం మొదలుపెట్టింది.

ఆ ఏటి మొదటి వాన కుండపోతగా కురిసింది. కాసేపటికి అబ్బాయి తడిసిన తలతో మా గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏమండీ, మీ బకెట్ ఒకసారి ఇస్తారా?"

"ఎందుకు ఓనరుగారూ?"

"పైకప్పు కారుతోంది. నిజంగానే. అప్పుడు మీరు బకెట్ పెట్టిన చోటే."

ఇది గుండుసూదులు పళ్ల మధ్య పట్టుకునే నవ్వి బకెట్ తెచ్చింది గానీ చేయి వదల్లేదు. "మళ్లీ తెచ్చివ్వాలి మరి."

"బకెట్‌తో పాటు మీరు కూడా పైకి వచ్చేస్తే తెచ్చివ్వక్కర్లేదు కదండీ."

దీని నోట్లో గుండుసూదులు. ఒక్కొక్కటే తీసి, తొందర లేకుండా సూదుల దిండుకి గుచ్చింది. అతను ఒక్కో సూదినీ లెక్కపెడుతూ నిలబడ్డాడు. నేనూ అంతే.

"ముందు ఆ కప్పు బాగుచేయించండి," అంది. "కారే ఇంటికి నేను కాపురానికి రాను."

వాన ఇంకా వెలవనే లేదు. అతను మేస్త్రీ కోసం వీధిలోకి పరిగెత్తాడు. ఆ పరుగులో గుమ్మానికి మళ్లీ తల కొట్టుకున్నాడు.