ఎనిమిది వందల గ్రాములు

ఆదివారం ఉదయం 11 గంటల 8 నిమిషాలకు, సెమీఫైనల్ అయిపోయిన ఆరు నిమిషాల తర్వాత, పద్నాలుగేళ్ళ అమ్మాయి బరువు తూచే మిషన్ ఎక్కి అక్కడే పడిపోయింది. పడేముందు మిషన్ 39.9 చూపించింది. ఆ అంకె చూసినవాడు ఒక్కడే. అతను ఆ జట్టు కోచ్, ఆ పిల్ల తండ్రి.

ఆ రోజు వాళ్ళింట్లో ఐదున్నరకే లైట్లు వెలిగాయి. తల్లికి ఏడింటికి ఆస్పత్రిలో డ్యూటీ. తండ్రీ కూతుళ్ళు ఎనిమిదింటికి మైదానంలో ఉండాలి. మూడు రోజుల హాకీ పోటీల్లో అది ఆఖరి రోజు.

"నా ఇనప ముక్కలు నాలుగుండాలి. రెండే ఉన్నాయి" అంది మామ్మ, కుట్టుమిషన్ పక్కన బల్ల తడుముతూ. నలభై ఏళ్ళుగా ఆవిడది కుట్టుపని. గుడ్డ కత్తిరించేటప్పుడు కదలకుండా మూలల్లో పెట్టే ముక్కలవి. ఒక్కోటి అరచేయంత పొడవు, నాలుగు వందల గ్రాముల బరువు.

"మంచం కింద చూశారా అత్తయ్యా?"

"చూశాను. మీ ఆయన చెప్పొకటి, సాక్సొకటి, ఈలొకటి ఉన్నాయి. నావి లేవు."

"ఈల దొరికిందా?" బాత్రూంలోంచి కోచ్ అరిచాడు. "నిన్నటి నుంచి దానికోసమే ఇల్లంతా తిరగేస్తున్నా!"

"ఊరందరి పిల్లల్నీ వరసలో నిలబెడతావు. నీ సాక్సులు రెండూ ఒకచోట నిలబెట్టలేవట్రా?"

కూతురు నవ్వలేదు. బూట్ల లేసు కట్టుకుంటోంది. ఆమెను జట్టులో మిడత అంటారు. కాలు ఒకచోట నిలవదని మామ్మ పెట్టిన పేరు అది, ఇంట్లోంచి మైదానానికి పాకింది.

తల్లి నీళ్ళ సీసా మూత బిగించి ఇచ్చింది. సీసా మీద మార్కర్‌తో గీసిన ఐదు గీతలున్నాయి.

"తొమ్మిదికి ఈ గీత. పదికి ఇది. మ్యాచ్ మధ్యలో ఇది. దాహం వేసినా, వెయ్యకపోయినా తాగాలి. నిన్న సీసా ఖాళీగా తెచ్చావు, బరువు కూడా నిలబెట్టుకున్నావు. మా బంగారం."

"ఊఁ" అంది మిడత. సీసా బ్యాగులో వేసుకుని గడప దాటింది.

తల్లి డయాలసిస్ వార్డులో నర్సు. అక్కడ రోగిని మిషన్‌కి తగిలించే ముందు తూస్తారు, తీశాక మళ్ళీ తూస్తారు. తేడా ఎంతో ఒంట్లోంచి పోయిన నీరు అంత. పోయిన ఏడాది ఎండల్లో ఒక పిల్ల మైదానంలో వాంతులు చేసుకున్నప్పుడు ఆ పద్ధతిని ఆమే భర్త జట్టుకి తెచ్చింది. మొదటి రోజు పొద్దున పిల్లలందరి బరువూ రాయాలి. ప్రతి మ్యాచ్ తర్వాతా మళ్ళీ తూయాలి. మొదటి అంకె కంటే ఎనిమిది వందల గ్రాములు తగ్గిన పిల్ల ఆ పోటీల్లో ఇక ఆడకుండా కూర్చోవాలి. కోచ్ రాసిన పుస్తకం మీద రోజూ సాయంత్రం ఆమె సంతకం పెట్టాలి.

జట్టులో తొమ్మిది మంది. ఆడేది ఏడుగురు. శుక్రవారం ఇద్దరు పిల్లల బరువు కిలో దాకా తగ్గింది. వాళ్ళిద్దరూ కూర్చున్నారు. ఏడుగురు మిగిలారు.

ఆదివారం మిడతను తల్లి పనిచేసే ఆస్పత్రికి తెచ్చేసరికి 11 గంటల 35 నిమిషాలు అయింది. ఒళ్ళు నూట మూడు డిగ్రీలు కాలుతోంది. డ్యూటీ డాక్టర్ తడి గుడ్డలు కప్పమని, ఫ్యాన్ పెట్టమని, సెలైన్ ఎక్కించమని చెప్పింది. కబురు అందుకుని తల్లి మూడో అంతస్తు నుంచి మెట్ల మీద దిగి వచ్చింది. లిఫ్టు కోసం ఆగలేదు.

నిక్కరు మార్చడానికి నడుము పట్టీ వదులు చేసినప్పుడు లోపలి వైపు కుట్టిన జేబు కనిపించింది. అందులోంచి రెండు ఇనప ముక్కలు నేల మీద పడ్డాయి. చప్పుడుకి పక్క మంచం రోగి లేచి కూర్చున్నాడు.

తల్లి వాటిని తీసి చేతిలో పెట్టుకుని చూసింది. కూతుర్ని మంచంతో పాటు తూచే మిషన్ మీద తూపించింది. 39.1. శుక్రవారం పొద్దున 41.2.

"రెండు కిలోల వంద గ్రాములు" అంది వరండాలోకి వచ్చి. "పెద్దవాళ్ళ ఒంట్లోంచి అంత నీరు తీయడానికి మా మిషన్‌కి నాలుగు గంటలు పడుతుంది. పుస్తకం ఏదీ?"

కోచ్ ఇచ్చాడు. వరండాలో ఒకటే కుర్చీ ఉంది, అందులో మామ్మ కూర్చుంది. ఆవిడ ఆటోలో వచ్చి ఐదు నిమిషాలు కాలేదు. భార్యాభర్తలు గోడకి ఆనుకుని నిలబడ్డారు. స్ట్రెచర్ వచ్చినప్పుడల్లా ఇద్దరూ గోడకి అతుక్కోవాల్సి వచ్చింది.

"శనివారం రెండు మ్యాచ్‌లు. ఎండ నలభై రెండు. మిగతా పిల్లలు ఆరు వందలు, ఏడు వందలు తగ్గారు. అందరికంటే ఎక్కువ పరిగెత్తేది మన పిల్ల. రెండు వందలే తగ్గింది. ఇది మీరే రాశారు కదా?"

"నేనే రాశాను."

"రాస్తున్నప్పుడు ఏమీ అనిపించలేదా?"

"నువ్వూ సంతకం పెట్టావు."

"పెట్టాను" అంది ఆమె. "పదేళ్ళుగా ఇదే పని చేస్తూ, కళ్ళు మూసుకుని పెట్టాను. నా సంగతి నేను చూసుకుంటాను. మిమ్మల్ని అడుగుతున్నా. అనిపించిందా, లేదా?"

కోచ్ చేతిలో ఈల తాడు ఉంది. దాన్ని వేలికి చుట్టాడు, విప్పాడు.

"అనిపించింది. మిషన్ తప్పేమో, మళ్ళీ తూద్దామా అనుకున్నాను. మళ్ళీ తూస్తే దాన్ని కూర్చోబెట్టాల్సి వస్తుందేమోనని భయం వేసింది. అది కూర్చుంటే ఆరుగురం. తూయలేదు."

మామ్మ కుర్చీలోంచి లేచింది.

"వాణ్ణొక్కణ్ణే అంటావేమిటే. జేబు కుట్టింది నేను. బడి బీరువా తాళంచెవి పెట్టుకోవాలి మామ్మా అంది. తాళంచెవికి అంత జేబెందుకే అని నేనడగలేదు. రెండు పొరలు వేసి కుట్టమంటే రెండు పొరలు వేసి కుట్టాను. పొద్దున్నంతా నా ముక్కలు నేనే వెతుక్కున్నాను." ఆవిడ మళ్ళీ కూర్చుంది. "నా కుట్టు ఊడదని గొప్పలు చెప్పుకునేదాన్ని."

పన్నెండున్నరకి రక్తపరీక్ష ఫలితం వచ్చింది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.9 ఉంది. ఆ వయసు పిల్లలకి ఒకటి దాటకూడదు. ఆ అంకెను ఎవరూ తల్లికి వివరించనక్కర్లేకపోయింది. ఆమె కాగితాన్ని రెండుసార్లు మడిచి జేబులో పెట్టుకుంది.

"మూత్రం రావాలి" అంది డాక్టర్. "సాయంత్రానికి వస్తే గండం గడిచినట్టే. రాకపోతే..." ఆమె తల్లి యూనిఫాం వైపు చూసి ఆగిపోయింది.

"రాకపోతే పై అంతస్తు" అంది తల్లి. "నా వార్డు."

ఒంటిగంటకి మిడత కళ్ళు తెరిచింది. ముందు పైకప్పు చూసింది, తర్వాత తల్లిని.

"గెలిచామా?" ఆట చివరి నిమిషాలు ఆమెకి గుర్తులేవు.

"రెండు ఒకటి" అన్నాడు తండ్రి తలుపు దగ్గర నుంచి.

"నా ఇనప ముక్కలు ఎప్పుడు పట్టుకెళ్ళావే?" అంది మామ్మ.

మిడత ముఖం అవతలికి తిప్పుకుంది. అవతల గోడ ఉంది. గోడకి, మంచానికి మధ్య సెలైన్ స్టాండు పట్టేంత జాగా.

"శుక్రవారం సాయంత్రం. తూచే ముందు జేబులో పెట్టుకునేదాన్ని" అంది గోడతోనే. "ఏడు వందలు తగ్గాను. ఇంకో వంద తగ్గితే కూర్చోబెడతారు. నేను కూర్చుంటే ఆరుగురే."

"సీసా ఖాళీ అయ్యేది కదా అమ్మలూ" అంది తల్లి. "ఆ నీళ్ళన్నీ ఏమయ్యాయి?"

"తల మీద పోసుకున్నాను. మిగిలినవి కింద పోశాను."

"ఎందుకు?"

మామ్మ ఏదో అనబోతే తల్లి చెయ్యి అడ్డం పెట్టింది.

"తాగితే వెళ్ళాలి. అక్కడ ఒక్కటే బాత్రూం. గొళ్ళెం లేదు. వదిలేస్తే తలుపు దానంతటదే తెరుచుకుంటుంది. ఎదురుగా మెట్ల మీద జనం కూర్చుంటారు. శుక్రవారం పొద్దున నేను లోపల ఉంటే ఎవరో తలుపు లాగారు. మెట్ల మీద అందరూ నవ్వారు. అప్పట్నుంచి తాగలేదు. తాగకపోతే బరువు తగ్గుతుంది. బరువు తగ్గితే నువ్వు ఆడనివ్వవు. నేనేం చెయ్యనమ్మా?"

"నాన్నకి చెప్పాల్సింది కదే" అంది తల్లి.

"చెప్పాను."

కోచ్ తలుపు దగ్గర నుంచి కదల్లేదు.

"శుక్రవారం తొమ్మిదింపావుకి చెప్పింది" అన్నాడు. "గొళ్ళెం లేదు నాన్నా అంది. నేను జట్టు పేర్ల కాగితం రాస్తున్నాను. మ్యాచ్ అవనీ తల్లీ, చూద్దాం అన్నాను. తర్వాత మర్చిపోయాను."

"మూడు రోజులు మర్చిపోయారు" అంది తల్లి.

"మూడు రోజులు" అన్నాడు.

రెండున్నరకి అతని ఫోను మోగింది. పోటీలు నడిపే కార్యదర్శి. ఫైనల్ నాలుగున్నరకి. ఆరుగురితో ఆడటానికి నిబంధనలు ఒప్పుకుంటాయని, పదకొండేళ్ళ తర్వాత ఆ బడి ఫైనల్‌కి వచ్చిందని, ఆలోచించుకోమని అన్నాడు. కోచ్ గడియారం చూసుకున్నాడు. భార్య అది చూసింది.

"వెళ్ళాలనుంటే వెళ్ళండి. ఇక్కడ మీరు నిలబడినా సెలైన్ త్వరగా ఎక్కదు."

అతను వరండా చివరికి వెళ్ళాడు. కార్యదర్శికి కాదు, మైదానంలో నీడపట్టున కూర్చున్న పిల్లలకి ఫోన్ చేశాడు. గోల్‌కీపర్ ఎత్తింది. స్పీకర్ పెట్టమన్నాడు.

"ఒక మాట అడుగుతాను. తిట్టను. ఈ మూడు రోజుల్లో ఆ బాత్రూంకి ఎవరెవరు వెళ్ళారు?"

అవతల గుసగుసలు వినిపించాయి.

"నేను ఒకసారి వెళ్ళాను సార్" అంది గోల్‌కీపర్. "మిడత బయట తలుపు పట్టుకుంది."

"మిగతావాళ్ళు?"

"ఎవరూ వెళ్ళలేదు సార్. ఇంటికెళ్ళాకే. అందుకే ఎవరం ఎక్కువ తాగట్లేదు. మీకు తెలుసనుకున్నాం. మిడత చెప్పాను అంది."

అతను చేతిలోని ఈల తాడు జేబులో వేసుకున్నాడు.

"హాకీ కర్రలు బ్యాగుల్లో పెట్టేయండి" అన్నాడు. "బడి బస్సు రమ్మంటున్నాను. బడికెళ్ళి, అక్కడ బాత్రూంలకి వెళ్ళి, కడుపునిండా నీళ్ళు తాగండి. ఇవాళ ఇక ఆడేది లేదు."

"ఫైనల్ సార్?"

"ఆడేది లేదమ్మా."

తర్వాత కార్యదర్శికి ఫోన్ చేసి జట్టు తప్పుకుంటోందని చెప్పాడు. కారణం అడిగితే గొళ్ళెం అన్నాడు. కార్యదర్శికి అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పాడు. రేపు చిన్నపిల్లల పోటీలు అక్కడే మొదలవుతాయని గుర్తు చేశాడు.

"సరే సార్, చూద్దాం" అన్నాడు కార్యదర్శి.

"చూద్దాం అని నేనూ అన్నాను" అన్నాడు కోచ్. "రేపు ఏడింటికి గొళ్ళెం పట్టుకుని నేనే వస్తాను. తలుపు బిగించేదాకా ఏ పిల్లా మైదానంలోకి దిగదు."

అతను తిరిగి వచ్చేసరికి తల్లి గోడకి ఆనుకుని కింద కూర్చుని ఉంది. అతనూ పక్కన కూర్చున్నాడు. మామ్మ కుర్చీలో కునుకు తీస్తోంది. ఒళ్ళో ఇనప ముక్కలు రెండూ ఉన్నాయి.

"ఆడట్లేదు" అన్నాడు.

"విన్నాను. వరండా చివర నుంచి అరిచి మాట్లాడితే ఆస్పత్రంతా వింటుంది" అందామె. "నా తప్పూ ఉంది" అంది. "అంకె చూశాను, పిల్లని చూడలేదు. తాగమని గీతలు గీశాను. తాగాక ఎక్కడికి వెళుతుందో అడగలేదు. దాన్ని రెండు వైపులా తలుపులేసి కూర్చోబెట్టాం. ఒకటి మీరు వేశారు, ఒకటి నేను."

అతను కళ్ళు తుడుచుకున్నాడు. ఆమె తన యూనిఫాం జేబులోంచి రుమాలు తీసి ఇచ్చింది.

ఐదింటి పరీక్షలో క్రియాటినిన్ 1.7 వచ్చింది. మూడు సీసాల సెలైన్ ఎక్కింది. మూత్రం రాలేదు.

ఆరు గంటల పది నిమిషాలకి మిడత లేచి కూర్చుంది.

"అమ్మా, వెళ్ళాలి."

వార్డు నర్సు మంచం మీద పెట్టే పళ్ళెం తెచ్చింది. మిడత వద్దంది. పది అడుగుల దూరంలో బాత్రూం ఉంది. తల్లి కొలత జగ్గు, సెలైన్ స్టాండు పట్టుకుంది. తండ్రి భుజం పట్టుకుని నడిపించాడు. లోపలికి వెళ్ళాక మిడత గొళ్ళెం వేసి చూసింది, తీసింది, మళ్ళీ వేసింది. గట్టిగానే ఉంది.

"నాన్నా" అంది లోపల నుంచి.

"ఇక్కడే ఉన్నాను తల్లీ."

"తలుపు పట్టుకో."

అతను తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాడు. మామ్మ కుర్చీ లాక్కొచ్చి అతని ముందు వేసుకుని కూర్చుంది. ఆ దారిన వచ్చిన వార్డు బాయ్‌ని, "అటు తిరిగి వెళ్ళు బాబూ" అని పంపేసింది.

తొమ్మిది నిమిషాల తర్వాత తలుపు తెరుచుకుంది. తల్లి జగ్గును కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి చూసింది. పుస్తకం అడిగింది. ఉదయం కోచ్ రాసిన 39.9 అన్న అంకె కొట్టేసి, పైన 39.1 రాసింది. దాని కింద ఇంకో వరస రాసింది: సాయంత్రం 6.20, మూత్రం 210 మిల్లీలీటర్లు. సంతకం పెట్టి పుస్తకం భర్తకి ఇచ్చింది. ఆమె పేరు కింద అతనూ సంతకం పెట్టాడు.