గొంతు దాటని పురుగు

దగ్గరికి జరగండి తల్లులూ, ఆ వెనకవాళ్లు కూడా రండి. ఇది గొంతెత్తి చెప్పే కథ కాదు.

ఒక ఆసుపత్రి ల్యాబులో ఒకావిడ పనిచేసేది. దూదిపుల్లతో రోగి గొంతులో తుడిచి తెచ్చినదాన్ని గాజుపళ్లెంలో పెంచి, ఏ పురుగు మొలిచిందో చెప్పడం ఆవిడ పని. పళ్లెంలో మొలవనిది లోకంలోనే లేదనుకునే మనిషి.

ఆ వారం సొంత మేనకోడలే వార్డులో చేరింది. ఆరేళ్ల పిల్ల. గొంతులో బూడిదరంగు పొర... డిఫ్తీరియా. మందులు పడ్డాయి. నాలుగోరోజు మధ్యాహ్నానికి పళ్లెం నున్నగా, ఖాళీగా ఉంది.

"అన్నయ్యా, పురుగు చచ్చింది!"

"మరి డాక్టరమ్మ విషానికి విరుగుడు సూది అంటోందే? అది పడక కొందరికి ఊపిరాడదట."

"దొంగ చచ్చాక పోలీసులెందుకు? వద్దని చెప్పెయ్."

ఆవిడ మాట విని, అన్న సూదికి ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టలేదు.

ఆవిడ పిల్ల పక్కన కూర్చుంది. మంచం మీద ఎండ. గదంతా ఫినాయిల్ వాసన. దాని అడుగున ఇంకేదో... తియ్యగా, కుళ్లినట్టు.

"అత్తా..." గుసగుసగా అంది పిల్ల. "లోపల ఎవరో తలుపు కొడుతున్నారు."

"ఏ తలుపే, పిచ్చిమొద్దూ?"

పిల్ల గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఎవరంటే, 'నేనే' అంటున్నారు."

"ఎవరి గొంతు?"

"నీదే. అందుకే తీశాను."

ఆవిడ వంగి చిన్న ఛాతీకి చెవి ఆనించింది. దబ్... దబ్... ఆగింది. మళ్లీ దబ్. ఆ సందులో... సన్నగా... తన గొంతే.

"నేనే..."

డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తింది.

"పురుగు గొంతు దాటదమ్మా!" డాక్టరమ్మ మందలిస్తూనే సూది నింపింది. "కూర్చున్నచోటే కూర్చుని విషం కక్కుతుంది. ఆ విషం నెత్తుట్లో తిరుగుతూ, ఒక్కో కణం గడపలో అయినవాళ్లలా పిలుస్తుంది. కణమే తలుపు తీస్తుంది. పురుగు చచ్చినా అది చావదు. లోపల దూరింది ఇక సూదికి చిక్కదు. బయట తిరిగేదాన్నైనా పట్టుకుందాం. మీ అన్నను పిలువు!"

అన్న సంతకం పెట్టాడు. సూది పడింది. ఆ పైవాడి దయ, వారాలు పట్టినా పిల్ల గుండె కుదుటపడింది.

కానీ ఆ సాయంత్రం ఆవిడ తన ఇంటికెళ్లి తాళంచెవి పెట్టబోతే, ఎవరూ లేని ఇంట్లోంచి తన గొంతే అడిగింది.

"ఎవరు?"

'నేనే' అనబోయి, ఆవిడ గిరుక్కున వెనక్కి తిరిగింది. ఇప్పటికీ అన్నగారింట్లోనే ఉంటోంది.

నా తల్లులూ, ఆవిడ చేసిన ఒక్క పని గుర్తుంచుకోండి. పళ్లెం మాట పక్కనబెట్టి, పిల్ల గుండెకు చెవి ఆనించింది. మీరూ ఆనించండి. పదిమందికీ చెప్పండి.

వినబడేది ఎవరి గొంతో మాత్రం... పిల్లని అడక్కండి.