సాయవ్వ ఏడ్వలేదు

తెల్లవారి గంగుబాయి జొన్నరొట్టె మీద పప్పు వేసి కూతురి ముందు పెట్టింది. సాయవ్వ రొట్టెను చూసింది, గోడను చూసింది. పుట్టిల్లు కోటగిరిలో చెరకు కోతలు మొదలైనా ఆ పిల్ల నోరు పెగల్లేదు. మాక్లూరులో, అత్తింట్లో, తన నెలన్నర పసికందు పోయి మూడు నెలలైంది. ఏడుపూ లేదు, మాటా లేదు. దుఃఖం లోపలే గడ్డకడితే మనిషి దక్కదని వాడకట్టంతా భయపెట్టింది.

గంగుబాయి చేయని పని లేదు. తాయెత్తు కట్టించింది, దర్గాకు తీసుకెళ్ళింది. వారానికోసారి ఆడవాళ్ళను పిలిచి, కూతురి మెడ చుట్టూ చేతులేసి వాళ్ళ చేత శోకాలు పెట్టించింది. పక్కవాళ్ళు ఏడిస్తే బిడ్డకూ ఏడుపొస్తుందని ఆశ. సాయవ్వ వాళ్ళ చేతుల్లో కొయ్యలా ఉండేది, పాపం.

ఆ రోజూ నలుగురు వచ్చారు. గానుగ దగ్గర బెల్లం వండే ఆశన్న అప్పుడే అన్నానికి ఇల్లు చేరాడు. భార్య చేస్తున్న పని చూసి మండిపోయాడు.

"ఇగ సాలు. పోండ్రి తల్లీ" అని దండం పెట్టి వాళ్ళను పంపేశాడు.

"నీకేంది, గానుగ కాడ కూసుంటవ్! రేపు బిడ్డకేమన్నయితే?" గంగుబాయి గొంతు చించుకుంది.

"నలభై ఏండ్ల సంది బెల్లం వండుతున్న గంగూ. పాకాన్ని నేనెన్నడు తెచ్చింది లేదు. అది వస్తది. నేను పొయ్యి కాడ ఉంట, గంతే. మంట ఎగదోస్తే మాడుతది."

"గిది బెల్లమా? నా బిడ్డ!"

"గందుకే అంటున్న."

ఆశన్న తినకుండానే వెళ్ళిపోయాడు. గంగుబాయికి ఇక చేయడానికేమీ తోచలేదు. చేతులు ఖాళీగా పెట్టుకుని కూర్చోవడం ఆమె పుట్టి బుద్ధెరగదు. కూతురి పక్కనే గోడకు చేరగిలబడింది. తినమనలేదు, మాట్లాడమనలేదు.

ఎంతసేపు కూర్చుందో! పాతికేళ్ళ కింద తన తొలిచూలు బిడ్డ పురిట్లోనే పోయింది. వారం తిరక్కుండానే అత్త తన చేతికి కొడవలిచ్చి వరికోతకు పంపింది. ఆనాడు మొదలుపెట్టిన పనిని గంగుబాయి ఇన్నేళ్ళూ ఆపలేదు. ఆపితే ఏం వస్తుందో ఆమెకు తెలుసు. ఇప్పుడు అదే వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు.

"నా తొలిసూరు బిడ్డ... దాని మొఖం గూడ సూడనియ్యలే నన్ను" అంది, ఎవరితో అంటున్నదో తెలియకుండా.

సాయవ్వ మెల్లగా తల తిప్పింది. తల్లి మోకాలి మీద చేయి వేసింది.

"నేను నా బిడ్డ మొఖం సూసిన అవ్వా" అంది, మూణ్ణెల్లు వాడని గొంతుతో. "పోయే ముంగటి దినమే నవ్వుడు నేర్చిండు."

ఆ మాట అని, తల్లి ఒడిలో పడి బావురుమంది. గంగుబాయి ఊరుకోమనలేదు.